చిన్నమ్మ చెప్పింది, నేను రాయనిది

మొన్న ఆదివారం, చొప్పదండి దగ్గరి మా ఊళ్లో పక్కింటి చిన్నమ్మ కూతురు కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చి, పాత చీర ముక్కలో కట్టిన ఉత్తరాల కట్ట ఒకటి నా ఒళ్లో పెట్టింది. చిన్నమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆమె సందుగ సర్దుతుంటే అడుగున దొరికాయట. నలభై ఏళ్ల కిందట దుబాయిలో ఉన్న చిన్నాయనకు చిన్నమ్మ పంపిన ఉత్తరాలు, ఒక్కటీ పారెయ్యకుండా ఆయన తిరిగి తెచ్చుకున్నవి. చిన్నమ్మకు చదువు రాదు. ఆమె చెబుతుంటే అవన్నీ రాసింది నేనే.

అప్పుడు నేను పదో తరగతి. వ్యాసరచనలో బహుమతి వచ్చిందని నేల మీద కాళ్లు ఆనని రోజులు. మా వాడకట్టులో ఇంటికొకరు దుబాయికో మస్కట్‌కో పోయినవారే కనుక, నీలం రంగు విమానం ఉత్తరం పట్టుకుని ఎవరో ఒకరు మా గడప తొక్కుతూనే ఉండేవారు. అందరిలోకీ ఎక్కువగా వచ్చేది చిన్నమ్మే. చంటిపిల్లను చంకనేసుకుని, వంట ముగించి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడేది. ఆ చంటిపిల్లే మొన్న కట్ట తెచ్చిన మనిషి.

అందరూ కష్టాలు రాయించేవారు. పంట పోయింది, అత్త తిట్టింది, జరమొచ్చింది. చిన్నమ్మ రివాజు వేరు. కష్టమంతా నాకు చెప్పుకుని కళ్లు తుడుచుకుని, ఇవేమీ వద్దులే, పరాయి దేశంలో పరేషాన్ అవుతాడని ఆపేసేది. చివరికి మాత్రం ఆ రోజు జరిగిన మంచి ఒకటి తప్పకుండా రాయమనేది. "గియ్యాల బట్టలు తీసి లోపల ఏసినంకనే వాన వచ్చింది, ఒక్క బట్ట తడ్వలే. గది రాయి బిడ్డా." "సిక్కుడు పాదుకు పువ్వు వట్టింది, ఆయన పెట్టిన పాదే అని రాయి." ఇంటి సంగతి విన్నంతసేపన్నా మనిషి మనసు ఇంట్లో ఉండాలన్నది ఆమె ఆశ. అంతకు మించి ఆ ఉత్తరంతో ఆమెకు పనే లేదు.

మరి నేనేం చేశాను? తడవని బట్టల గురించి, చిక్కుడు పువ్వు గురించి విమానం ఎక్కే ఉత్తరంలో రాస్తారా ఎవరైనా అనుకున్నాను. ఎంత పొగరు నాకు! ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, ఇచ్చట వర్షములు సకాలమున కురియుచున్నవి, మీ ఆరోగ్యము జాగ్రత్తగా చూచుకొనవలెను అని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేసేదాన్ని. రాయడం అయ్యాక చిన్నమ్మ కాగితం మీద వేలు పెట్టి, ఆ మంచి ముచ్చట ఎక్కడ ఉందని అడిగేది. ఏదో ఒక వరుస చూపించి రాశానని చెప్పేదాన్ని. ఆమె ఆ వరుసను మెల్లగా వేలితో తడిమి మురిసిపోయేది.

చిన్నాయన మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నాకొక సెంటు సీసా తెచ్చి ఇచ్చాడు. "మస్తు రాస్తవు బిడ్డా. జగిత్యాలోళ్లు, నిర్మలోళ్లు మా రూముల అందరం తెలుగోళ్లమే. నీ ఉత్తరం వస్తె నేను సదువుడు, ఆళ్లంత సుట్టు కూసోని ఇనుడు," అన్నాడు. పగలంతా అరబ్బీ, హిందీ చెవిన పడే ఆ మనుషులకు నా తెలుగు అంత ఊరటనిచ్చిందని నేను వారం రోజులు ఊళ్లో చెప్పుకుని తిరిగాను. పెళ్లాం రాయించిన ఉత్తరం గదిలో అందరికీ వినిపించగలిగాడంటే అందులో పెళ్లాం లేనట్టే కదా అని, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు తట్టలేదు.

మొన్న ఆ పిల్ల (నలభై దాటినా నాకు పిల్లే) చాయ్ ముట్టకుండా కూర్చుని, "అన్ని సదివిన అక్కా. గిండ్ల మా అవ్వ మాట ఒక్కటి గూడ లేదు," అంది. తప్పుపట్టి అన్నది కాదు, తల్లి గొంతు కోసం వెతుక్కుని వెతుక్కుని అలసిపోయి అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. జరిగిందంతా ఒప్పుకున్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, గుర్తున్నవైనా చెప్పమంది.

ఉత్తరాలు నలభైకి పైనే. ఎంత తన్నుకున్నా నాకు గుర్తొచ్చినవి మూడు. తడవని బట్టలు చెప్పాను, చిక్కుడు పువ్వు చెప్పాను. మూడోది నా ఎదుట కూర్చున్న ఈ పిల్ల గురించే. రాత్రిళ్లు ఏడ్చే పిల్ల, దండెం మీది తండ్రి అంగీని గుప్పిట పట్టుకుని మొదటిసారి తెల్లారేదాకా పండుకుందని, అది తప్పకుండా రాయమని చిన్నమ్మ రెండుసార్లు చెప్పింది. అది విని ఈ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రికి ఈ సంగతి తెలుసా అని అడిగింది. చిన్నాయన పోయి అయిదేళ్లు. నేను రాయనే లేదు కనుక, తెలియదని చెప్పాను.

ఇప్పుడు ఆమె కొడుకు కూడా దుబాయిలోనే ఉన్నాడు. ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడితే, మధ్యలో దగ్గు, కోడి అరుపు, కుక్కర్ కూత అన్నీ కలిసి ఉన్నదున్నట్టు అతనికి చేరిపోతాయి. నడుమ నాలాంటి వాళ్లు లేకుండా పోవడం మంచిదే అయింది.

వెళ్తూ వెళ్తూ కట్ట నా దగ్గరే ఉంచింది, చదువుతుంటే ఇంకేమైనా గుర్తొస్తాయేమోనని. రోజూ ఒక ఉత్తరం తీస్తున్నాను. నా ముత్యాల అక్షరాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. గుర్తొచ్చేదల్లా, ప్రతి ఉత్తరం మడిచి చేతికిచ్చినప్పుడు చిన్నమ్మ నా తల నిమిరి అన్న మాట ఒక్కటే: "నా మాటలన్ని గింత మంచిగ రాస్తివి, నీ చేతులు సల్లగుండ బిడ్డా."