మామయ్య వేసే లైటు

దెయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. ఏదో మాటవరసకు అంటున్నది కాదు. ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పి ఎవరైనా "మా ఊళ్ళో ఒకావిడకి..." అని మొదలుపెడితే, "ఆవిడ ఫోన్ నంబరివ్వండి, నేనే మాట్లాడతా" అని నోరు మూయించే రకాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

నేను గన్‌ఫౌండ్రీలో ఒక బీమా ఆఫీసులో పని చేస్తాను. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తు. ఇంట్లో ఉండేది నేను, మా అత్తయ్య. మావారిది మందుల కంపెనీ ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతూనే ఉంటారు. మామయ్య పోయి ఏడాది దాటింది.

ఆయనకి కొత్త కరెంటు వస్తువులంటే మహా పిచ్చి. ఫోన్‌తో వెలిగే లైట్లు మా సందులో మొదట పెట్టింది ఆయనే. పిచ్చి సరే, దానికో కారణమూ ఉంది. అత్తయ్యకి పొద్దుగూకితే చూపు ఆనదు. స్విచ్‌బోర్డేమో హాల్లో ఆ చివర, వీధి తలుపు పక్కన. ఒకసారి తడుముకుంటూ వెళ్ళి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పటి నుంచి మామయ్య, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో స్నేహితులతో చాయ్ తాగుతూ, దీపాల వేళకు అక్కడి నుంచే ఫోన్‌లో హాలు లైటు వేసేవారు. అత్తయ్య కుర్చీలో కూర్చునే ఆ బల్బుకి దణ్ణం పెట్టుకునేవారు. సాయంత్రం ఇంట్లో వెలిగే మొదటి దీపానికి దణ్ణం పెట్టాల్సిందే, అది ఎల్ఈడీ అయినా సరే.

ఆయన వేసే తీరు ఒకటుండేది. వేసి, ఆర్పి, మళ్ళీ వేసేవారు. పాత ట్యూబులైట్లు ఒక్క నొక్కుకి వెలిగేవి కావు కదా, ఆ అలవాటు చేతికి ఉండిపోయింది. ఆసుపత్రిలో చేరే ముందు కూడా, రోజూ దీపాల వేళకు లైటు అదే తీరులో దానంతటదే వెలిగేలా ఫోన్‌లో పెట్టి మరీ వెళ్ళారు. మనిషి తిరిగి రాలేదు. లైటు మాత్రం రోజూ వెలిగేది, ఆరేది, మళ్ళీ వెలిగేది. అత్తయ్య దణ్ణం పెట్టి "వేశారు" అనేవారు.

ఆ లైట్ల కంపెనీవాళ్ళు ఒకరోజు మెయిల్ పంపారు, సర్వర్లు మూసేస్తున్నామని. అంటే మా బల్బుకి హుకుం ఎక్కడో వాళ్ళ కంప్యూటర్ల నుంచి రావాలట. అవి మూసేస్తే మా ఇల్లు చీకటే. వాళ్ళతో పని లేకుండా ఇంట్లోనే ఉండి లైటు వేసే డబ్బా పెట్టిద్దామన్నాను నేను.

"అది తీసేస్తే ఆయన్నే తీసేసినట్టుంటుందే సుజాతా" అన్నారు అత్తయ్య.

"మనం తీసేదేంటి అత్తయ్యా, వాళ్ళే మూసేస్తున్నారు. మళ్ళీ పడితే ఈసారి మీ ఎముక అతుక్కుంటుందా?" అన్నాను. నా నోరు అలాంటిది.

అబిడ్స్‌లో ఒక దుకాణం నుంచి యాదగిరి అనే ఆయన వచ్చి కొత్త డబ్బా బిగించారు. "ఇగ ఫికర్ చెయ్యకున్రి మేడమ్. గిదంతా ఇంట్లనే నడుస్తది. బయటికి ఏం పోదు, బయటి నుంచి ఏం రాదు" అన్నారు. మంచిదే కదా, మన ఇంటి గుట్టు మన ఇంట్లోనే ఉంటుంది అనుకున్నాను. పాత ఖాతా చెరిపేశాను. దీపాల వేళకు లైటు వెలిగేలా పెట్టాను, మామూలుగా, ఒక్కసారే.

ఆ సాయంత్రం లైటు వెలిగింది. అత్తయ్య దాని వంక చూసి చూపు తిప్పుకున్నారు. దణ్ణం పెట్టలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ వారంలోనే పెద్ద వాన పట్టుకుంది. మధ్యాహ్నానికే ఊరంతా కారుచీకటి. నేను ఆఫీసు నుంచి ముందే బయల్దేరి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా వచ్చి, ఒక బట్టల కొట్టు ముందు ఇరుక్కుపోయాను. దీపాల వేళకు ఇంకా చాలా టైముంది. ఇంట్లో లైటు వేద్దామని ఫోన్ తీస్తే, కొత్త డబ్బాకి కలవడం లేదు. బయటి నుంచి ఏం రాదని యాదగిరి ముందే చెప్పారుగా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

అత్తయ్యకి ఫోన్ చేశాను. రెండు రింగులయ్యాక గుర్తొచ్చింది, ఆవిడ ఉండేది హాల్లో, ఫోనుండేది పడగ్గదిలో. మోగితే ఆ చీకట్లో లేచి నడుస్తారు. టక్కున కట్ చేశాను. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. ఆటోలు ఒక్కటీ ఆగవు. నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకన్నానో తెలియదు, పెదవి కదలకుండా అన్నాను, "మామయ్యా, మీరే చూసుకోండి" అని. పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా వినపడి ఉండదు.

తడిసి ముద్దయి ఇల్లు చేరాను. హాలు లైటు వెలుగుతోంది. బాల్కనీ లోంచి వాననీళ్ళు హాలు మధ్యదాకా వచ్చేశాయి. ఆ నున్నటి బండల మీద నాబోటిదైనా జారాల్సిందే. అత్తయ్య నీళ్ళకి అవతల కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నారు, మొహం వెలిగిపోతోంది.

"చూసి రావే, నీళ్ళున్నాయి. ఫోను మోగితే నువ్వేమోనని లేచాను. రెండడుగులు వేశానో లేదో, లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. చూద్దును కదా, కాలి ముందు నీళ్ళు!" అన్నారు.

మర్నాడు యాదగిరిని పిలిపించాను. ఆయన డబ్బాతో చాలాసేపు కుస్తీ పట్టి, "గిండ్ల లైటు వెలిగినట్టు రాసి ఉన్నది గానీ ఎవరు వేసిన్రో లేదు మేడమ్. వోల్టేజీ అటూ ఇటూ అయ్యుంటది" అన్నారు. మరి పైన ఫ్యాన్ ఆగలేదు, ఫ్రిజ్ ఆగలేదని అత్తయ్య చెబుతున్నారే అన్నాను. ఆయన తల గోక్కుని, "ఏమో, నాకైతే సమజ్ అయితలేదు" అని స్విచ్ మార్చి వెళ్ళారు. మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు.

మొన్న ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అత్తయ్య అన్నారు:

"ఒక్కటే నాకు అంతుబట్టదే సుజాతా. మీ మామయ్యకి వానంటే చిరాకు. చినుకు పడితే చాయ్ కూడా మానుకుని ఇంట్లో కూర్చునే మనిషి. ఎవరో పిలవందే వచ్చుండరు. ఎవరు పిలిచారంటావ్?"

"మీరే చూసుకోండి" అన్నది వాన చప్పుడులో, బట్టల కొట్టు ముందు, నాలో నేను అనుకున్న మాట. మావారికి కూడా చెప్పలేదు. నమ్ముతున్నావా అని అడిగితే ఇప్పటికీ తెలియదనే అంటాను. ఆవిడ ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉన్నారు. "నేనే అత్తయ్యా" అని ఒక్క ముక్క అనడానికి నాకింకా నోరు రావడం లేదు.