తలపాగా రెండో కొస

హజారా సింగ్ ఇంట్లో పొద్దు మొదలయ్యేది తలపాగాతోనే. ముంగిట్లో ఈ కొసన ఆయన, ఆ కొసన భార్య తేజ్ కౌర్. కాస్త తడిపిన నీలం గుడ్డను అంచులు పట్టి లాగేవారు, మడిచేవారు, మళ్ళీ లాగేవారు. ఇంటి సంగతులన్నీ ఆ లాగుడులోనే తేలిపోయేవి. పప్పు నిండుకుందని, కూతురు అలిగిందని, రాత్రంతా గురకతో నిద్ర పాడుచేశారని ఆమె ఆ కొస నుంచి దండకం చదివేది. చేతిలో ఈ కొస ఉంది కాబట్టి ఆయన ఎక్కడికీ పోలేక వినేవాడు.

ఇదంతా కోడలు నిర్లేప్ వంటింటి గుమ్మం వెనక నుంచి చూసేది. ఆమెది బటాలా దగ్గర పల్లె. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే బడి మానేసింది. అత్తవారింట నోరు విప్పాలంటే సిగ్గు. మామగారితో "రొట్టె వేడిగా ఉంది, దార్జీ" అన్నది దాటి మరో మాట ఎరగదు.

మడతలు కుదిరాక తేజ్ కౌర్ తన కొసను తెచ్చి ఆయన చేతికిచ్చేది. ఆయన అద్దంలో చూసుకుంటూ చుట్టుకొని ఇటు తిరిగేవాడు.

"ఎలా ఉంది?"

"ఎడమపక్క వంకర."

"నీ చూపే వంకర," అంటూనే సర్దుకునేవాడు.

తరవాత ఇద్దరూ స్వర్ణమందిరానికి, వాళ్ళ మాటలో దర్బార్ సాహిబ్‌కు, బయలుదేరేవారు. దారిలోనే ఆయన దువ్వెనల కొట్టు. అమృత్‌సర్‌లో సగం మంది జుట్టు తన చెక్క దువ్వెనతోనే చిక్కు వదులుతోందని ఆయన గొప్ప. తిరిగొచ్చేటప్పుడు తేజ్ కౌర్ చేతిలో ఆకుదొప్ప ఉండేది. నెయ్యి మెరిసే ఆ ప్రసాదం నిర్లేప్ కోసం.

పిల్లలు బీజీ అని పిలిచే తేజ్ కౌర్ పోయిన చలికాలంలో చనిపోయింది. ఆయన దర్బార్ సాహిబ్‌కు వెళ్ళడం మానేశాడు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటాడు. ఆ మోకాళ్ళే పావురాలకు గింజలు చల్లడానికి మేడ ఎక్కడం నిర్లేప్ చూస్తూనే ఉంది.

ఒక వేకువన అసలు సంగతి కంటబడింది. ఆయన గుడ్డ కొసను కిటికీ ఊచకు కట్టి ఇవతలి నుంచి లాగుతున్నాడు. ముడి జారింది. మళ్ళీ కట్టాడు, మళ్ళీ జారింది. చివరికి గుడ్డను చుట్టి పెట్టెలో పెట్టేసి, తలకు చిన్న రుమాలు కట్టుకున్నాడు. రుమాలుతో గురువు ముందుకు వెళ్ళే మనిషి కాదాయన.

గురు రాందాస్ గురుపర్వం వచ్చింది. మామగారు పుట్టి పెరిగిన ఊళ్ళో, ఆ ఊరిని కట్టిన గురువు పండగ. ఈ రోజు కూడా వెళ్ళకపోతే ఇక ఈయన ఎప్పటికీ వెళ్ళడని నిర్లేప్‌కు భయం పట్టుకుంది. ఆమె భర్త సుఖ్‌చైన్ పెట్టెలోంచి నీలం గుడ్డ తీసి, "నేను పడతాను, దార్జీ," అంటూ ఒక్క గుంజు గుంజాడు. పెద్దాయన ముందుకు తూలాడు.

"ఒరేయ్! పాగా కడుతున్నామా, బావిలో పడ్డ దున్నపోతును లాగుతున్నామా?"

"బీజీ తప్ప ఎవరు పట్టినా మీకు నచ్చదు."

సుఖ్‌చైన్ తన కొసను నేల మీద వదిలేశాడు. "మీరు వెళ్ళి రండి. నా మోకాళ్ళు సహకరించవు," అన్నాడాయన, గుడ్డను చుట్టి పెట్టబోతూ. సుఖ్‌చైన్ మొహం ముడుచుకొని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

నిర్లేప్ చేతి పిండి కడుక్కొని వచ్చింది. తల ఎత్తకుండానే నేల మీది కొస అందుకుంది.

"నీకు వచ్చా?"

"చూశాను, దార్జీ."

గుడ్డ బిగిసింది. ఆమె ఎక్కువా లాగలేదు, తక్కువా లాగలేదు. అయినా మడత పక్కకు పోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది.

"ఏదో ఒకటి మాట్లాడమ్మా," అన్నాడాయన విసుగ్గా. "మాటలు లేకపోతే నాకు మడత కుదరదు."

నిర్లేప్‌కు చెవులు వేడెక్కాయి. ఏమనాలో తోచక, నోటికొచ్చింది అనేసింది.

"రాత్రి మీరు గురక పెట్టారు, దార్జీ. గోడ అవతలికి వినబడింది."

ఆయన ఆగిపోయాడు. తరవాత భుజాలు కదిలేలా నవ్వాడు. ఆ నవ్వు గుడ్డ పొడుగునా అలలా వచ్చి నిర్లేప్ వేళ్ళకు తగిలింది.

మడత కుదిరింది. ఆమె కొస తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన చుట్టుకొని, అలవాటు కొద్దీ ఇటు తిరిగాడు.

"ఎలా ఉంది?"

పాగా తిన్నగానే ఉంది. బీజీ రోజుల్లోనూ తిన్నగానే ఉండేదేమోనని నిర్లేప్‌కు అప్పుడు తోచింది.

"ఎడమపక్క కొంచెం వంకర."

ఆయన చెయ్యి ఎడమపక్కకు వెళ్ళి, కాసేపు అక్కడే ఉండిపోయింది. "నీ చూపూ వంకరేనన్నమాట," అని గొణిగి, కళ్ళు తుడుచుకున్నాడు. "పద. ఆలస్యమైతే వరస పెరిగిపోతుంది."

దర్బార్ సాహిబ్ గుమ్మం ముందు పారే నీళ్ళలో ఆయన చాలాసేపు కాళ్ళు పెట్టి నిలబడ్డాడు. పక్కన ఒక మనిషికి చోటు వదిలాడు. నిర్లేప్ ఆ చోటు తొక్కకుండా వెనకే ఆగింది. ప్రదక్షిణ చేశారు, మెత్తని ఎండలో సరోవరం పక్కన కూర్చున్నారు. ప్రసాదం సగం తిని ఆయన దొప్ప మడిచాడు.

"నేనూ తిన్నాను కదా, దార్జీ. ఇంకెవరికి?"

"ఎవరికో ఏమిటి? మీ బీజీ ఏ రోజైనా ఉత్త చేతులతో ఇంటికొచ్చిందా?" అన్నాడాయన, దొప్పను ఆమె చేతిలో పెట్టి. "పట్టుకో. వంచకు, నెయ్యి కారుతుంది."