ఆదాముకి పెదవి కనపడాలి

మా ఆదాముకి ఎవరి పైపెదవైనా మీసం చాటున దాక్కుంటే ఒళ్లు మండిపోయేది. లోకంలో అన్యాయాలకేం కొదవ? ఆయన మాత్రం కత్తెర పట్టుకుని ఈ ఒక్కదాని మీదే యుద్ధం ప్రకటించాడు.

ఎనభై నాలుగులో బహ్రెయిన్‌లో, సల్మాబాద్ క్యాంపులో మాదొకటే గది. గ్యారేజీలో ఆయన పెయింటరు, నేను స్టోరు గుమాస్తా. శుక్రవారం పొద్దున్నే, మనామాలో తెలుగు ప్రార్థనకి వెళ్లేముందు, ఆదాము క్యాంపులో అందరికీ ఉచితంగా క్షవరం చేసేవాడు. డబ్బులు తీసుకునేవాడు కాదు, మీసం తీసుకునేవాడు.

నా గుబురుమీసాన్ని "కొంచెం సర్దు చాలు" అన్నాను. సర్దాడు. అద్దంలో ఎవరో పదో తరగతి తప్పిన కుర్రాడు కనిపించాడు.

"ఇదేంటయ్యా?"

"ఇప్పుడు తమరి మాట బాగా కనపడతంది బాబుగారూ."

"మాట వినపడాలి గానీ కనపడటమేంటి?"

"రెండూ ఉండాలండీ."

మీసంతో ఆగితే మహానుభావుడనుకునేవాణ్ణి. బీడీ నోట్లో పెట్టుకుని మాట్లాడితే లాగి పారేసేవాడు. నోటికి చెయ్యి అడ్డం పెడితే దువ్వెనతో ఒక్కటిచ్చేవాడు. గోడవైపు తిరిగితే భుజాలు పట్టుకుని తిప్పేవాడు. "మొహం చూపించి, నిదానంగా చెప్పండి." అన్నం దగ్గర ఉప్పు అడగాలన్నా ముద్ద మింగి, లైటు కిందకి జరిగి, కోర్టులో సాక్షిలా చెప్పాలి. ఈలోగా పప్పు చల్లారిపోయేది.

ఇంత పోరూ పడుతూ విసుక్కోనివాడు మా గదిలో బాలన్న ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి, ఆరేళ్లుగా రేకుల సెక్షన్లో సుత్తి కొడుతున్నాడు. సాయంత్రాలు ఇద్దరూ అద్దం ముందు కూర్చునేవాళ్లు. ఆదాము "పాలు, బల్ల, మామ" అనేవాడు. బాలన్న ఒక చెయ్యి ఆయన గొంతు మీద, ఇంకోటి తన గొంతు మీద పెట్టుకుని, ఆ అదురు చూసుకుంటూ తిరిగి అనేవాడు. ఎండకి ఇద్దరికీ ఒకేసారి మతి పోయిందని నేను క్యాంపంతా చాటాను.

అంతలో గంగరాజు అనే కొత్త ఫోర్‌మన్ దిగాడు. ముందు మీసం వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు.

"రేకుల సెక్షన్లో చెవులు పోయినోళ్లున్నారంట. శనివారం ఒక్కొక్కణ్ణీ పిలిచి మాటాడతాను. వినపడనోణ్ణి ఇంటికి పంపెయ్యమన్నాడు మన అరబ్బు యజమాని, కఫీల్," అని ప్రకటించాడు.

గదికి వచ్చి ఆదాము ఆ మాట నిదానంగా చెబితే బాలన్న మొహంలో నెత్తురు లేదు.

"ఏడాది సంది ఇనబడ్తలేదు బాబూ," అన్నాడు నాతో. "ఆదామన్న నేర్పిండు గాబట్టి మీ మూతులు జూసి సమజు చేస్కుంటున్న. గా ఫోర్‌మన్ మూతి మీసంల ఏడని దేవులాడాలె? గల్ఫ్ ముచ్చట ఖలాస్ ఇగ."

ఏడాదిగా మా మూతులన్నీ గొరిగి పెట్టింది ఇందుకా!

"ఎక్కడిదయ్యా నీకీ విద్య?" అన్నాను ఆదాముతో.

"మా చెల్లి తబితాకి పుట్టు చెవుడండీ. బళ్లో టీచరమ్మ ఇలాగే అద్దం ముందు కూకోబెట్టి మాటలు నేర్పేది. నేనూ పక్కన కూకునేవోణ్ణి."

"మాకు చెప్పొచ్చుగా?"

"నలుగురికి తెలిస్తే ఆఫీసుకి తెలీదా అండీ? నాకు పిచ్చనుకుంటే ఎవరికీ నష్టం లేదుగా."

శుక్రవారం ఆదాము కత్తెరతో ఫోర్‌మన్ గదికి బయల్దేరాడు. వెనకాల నీళ్లగిన్నెతో నేను. "మీసం జోలికి రాకు," అని హెచ్చరించి గంగరాజు కళ్లు మూసుకున్నాడు. వెంటనే ఆదాముకి తుమ్మొచ్చింది. అంత సమయానికి తుమ్మిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎడమవైపు సగం పోయింది. కుడివైపు సగం ఒంటరిగా ఉండి చేసేదేముంది?

శనివారం నున్నటి మూతితో గంగరాజు బాలన్నని షెడ్డు మధ్యకి పిలిపించాడు.

"ఏ ఊరు?"

"జగిత్యాల పక్కన సార్." గొంతు హెచ్చలేదు, తగ్గలేదు; అద్దం ముందు సాధన ఊరికే పోలేదు.

"ఎన్నేళ్లయింది?"

"ఆరేండ్లు సార్."

"సరే, వెళ్లు."

బాలన్న వెనుదిరిగాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఆగు," అన్నాడు గంగరాజు.

బాలన్న నడుస్తూనే ఉన్నాడు. షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. గంగరాజు బాలన్న వీపు చూశాడు, ఆదాముని చూశాడు, తన పైపెదవి తడుముకున్నాడు. మా పని అయిపోయిందనుకున్నాను.

గంగరాజు గబగబా వెళ్లి బాలన్నకి ఎదురుగా నిలబడ్డాడు.

"రేపట్నుంచి సుత్తి మానేసి ఆదాము పక్కన పెయింటింగ్‌లో చెయ్యి కఫీల్‌కి నేను చెప్పుకుంటాను ఇంకెవడైనా ఇతన్ని వెనకనించి పిలిచాడంటే ఓవర్‌టైం కట్," అని ఒక్క ఊపులో అనేశాడు.

బాలన్న ఆయన మూతికేసి శ్రద్ధగా చూశాడు.

"జర మెల్లగ జెప్పుండ్రి సార్. సగం మింగిన్రు."

గంగరాజు గొంతు సవరించుకుని, వెలుతురులోకి జరిగి, మొదటినుంచి నిదానంగా మళ్లీ చెప్పాడు.