ఫోనులో మామగారి పేరు

సైరాకాన్ చెప్పే చదువు నాలుగు పూటల్లో అయిపోతుంది. మొదటి పూట వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, రెండో పూట బీపీ పట్టీ, సూది వెయ్యడం, మూడో పూట ఆ అంకెల్ని పట్నంలో డాక్టరుకు చేరవేసే ట్యాబు. మంచు కురిసి నెట్ పోతే ఏం చెయ్యాలన్నది నాలుగో పూట. ముప్పయ్యేళ్ళు నారిన్ పట్నం ఆస్పత్రి వార్డుల్లో నడిచిన నర్సు ఆమె. రోగిని ఇంటి పరుపు మీదే ఉంచి ఆస్పత్రి వైద్యం చేసే పద్ధతి వచ్చాక, ఊరూరా తిరిగి ఇంటివాళ్ళకు ఇవన్నీ నేర్పుతోంది.

కారా-బులున్ ఊళ్ళో తోలోముష్ అనే ముసలి కాపరికి గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కనుమ దాటే ప్రయాణం ఆయన తట్టుకోలేడు. కొడుకు మందతో శీతాకాలపు బీడులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది కోడలు నుర్జమాల్ ఒక్కతే.

ఆ పిల్ల చురుకైనది. చెప్పింది చెప్పినట్టు పట్టేసింది. ఒక్కచోటే ఆగింది. నెట్ లేనప్పుడు ఫోన్ చేసి ముందుగా రోగి పేరు చెప్పాలి, పేరు చెబితేనే అవతల ఆయన వివరాలు తెరుస్తారు. అక్కడ నుర్జమాల్ తల దించుకుంది; కోడలు మామగారి పేరు నోట పలకకూడదన్నది వాళ్ళ ఆచారం. పొద్దు వాలుతోంది, పై ఊళ్ళో ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడు. సైరాకాన్ ఆ పేరు తనే చెప్పేసి, "సరే, ఇప్పుడు అంకెలు చదువు" అంటూ పాఠం ముగించింది.

ఆ తర్వాత పదకొండో రోజు మంచు కురిసి నెట్ పోయింది. మధ్యాహ్నానికి ముసలాయన ఆక్సిజన్ తొంభై నుంచి ఎనభై నాలుగుకు దిగింది. నుర్జమాల్ ఫోన్ చేసింది.

"రోగి పేరు?" అంది పట్నంలో ఫోనెత్తిన పిల్ల.

"మా ఇంటి పెద్దాయన."

"అదే, పేరేంటి?"

"మా ఆయన తండ్రి."

"అమ్మా, మీ ఊళ్ళో ముగ్గురు రోగులున్నారు. ఎవరని తెరవను? ఒకరి మందు ఇంకొకరికి చెప్పమంటావా?"

ముసలాయనకు మాట రావడం లేదు. నుర్జమాల్ ఫోన్ పట్టుకుని పక్కింటికి పరిగెత్తింది. పక్కింటి బాత్మా చెంపలు వాయించుకుంది. "నేను మాత్రం ఎలా అంటానే? నేనూ ఈ వంశం కోడల్నేగా!" ఇద్దరూ మోకాలి లోతు మంచులో మూడో ఇంటికి పడుతూ లేస్తూ వెళ్ళారు. పుట్టింటికి వచ్చిన ఆ ఊరి ఆడపడుచు, కోడలు కాదు గనక, ఫోన్లో పేరు చెప్పింది. డాక్టరు ఏ సూది వెయ్యాలో చెప్పేసరికి ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. ముసలాయన బతికాడు.

ఆ ఫోను రికార్డు సైరాకాన్ రెండుసార్లు వింది. తప్పు ఆ పిల్లది కాదని ఆమెకు తెలుసు. దించుకున్న ఆ తలను తను చూసింది, చూసీ దాటేసింది. దారి తెరుచుకోగానే మళ్ళీ కారా-బులున్ వెళ్ళింది.

ముసలాయన దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశావా నర్సమ్మా, నా కోడల్ని! నేను చస్తున్నా నా పేరు నోట రానివ్వలేదు. పెంపకమంటే అదీ!"

"పెంపకం మంచిదే పెద్దాయనా. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే ఆ పొగిడేదేదో మీ శవం పక్కన కూర్చుని మేం పొగిడేవాళ్ళం."

నుర్జమాల్ టీ గిన్నె రెండు చేతుల్తో ఆయనకు అందించింది. ముసలాయన కనుబొమలు ముడిపడ్డాయి. "నోరు బాగానే ఉంది నీకు. ఎక్కడా కోడలివి కాలేదా నువ్వు?"

"అయ్యాను. మా మామగారు పోయి పంతొమ్మిదేళ్ళు. గోరీ మీద చెక్కిన పేరు కూడా పైకి చదవలేదు నేను." సైరాకాన్ మోకాళ్ళ మీద చేతులు బిగించింది. "బేషెంబెక్. ఆయన పేరు బేషెంబెక్."

పొయ్యిలో పిడక విరిగిన చప్పుడు వినిపించింది. ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"ఆయనేమనుకుంటాడో?"

"తెలీదు. అడగాలంటే నేనూ అక్కడికే పోవాలి."

ఆయన నవ్వబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక కోడలి వైపు చూడకుండానే అన్నాడు: "ఫోన్లో అననీ. నా ఎదట మాత్రం వద్దు. గడప అవతల."

"నావల్ల కాదక్కా," అంది నుర్జమాల్ ఏడుపు గొంతుతో.

"ఇవాళ పాఠం అదొక్కటే తల్లీ. ఫోన్లో అవతల మనవాళ్ళే, పరీక్షగా చేస్తున్నామని చెప్పాను. వెళ్ళు."

తలుపు తెరుచుకుని మూసుకుంది. సైరాకాన్ కిటికీ దగ్గర నిలబడింది. మంచులో ఆ పిల్ల ఇంటికి వీపు పెట్టి, ఫోను చెవికి ఆనించుకుంది. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. మళ్ళీ పెట్టుకుంది. ఈసారి తీసి, అలాగే నిలబడింది. పెదవులు కదిలాయి.

"అందా?" అన్నాడు ముసలాయన గోడవైపు తిరిగి.

"అంది."

"ఎలా అంది?"

"మెల్లగా. రెండు చేతుల్తో గిన్నె అందించినట్టు."

నుర్జమాల్ తలుపు తోసుకుని వచ్చింది. ముఖమంతా తడి, చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఆక్సిజన్ ఎంతుందని అడుగుతున్నారు మామయ్యా."

ముసలాయన ఇటు తిరిగి వేలు చాపాడు.