అమెరికా కాగితాల్లో లేని పేరు

పదేళ్ల కిందట హాలియాలో చరిత్ర లెక్చరర్‌గా పనిచేస్తూ సత్తెమ్మవ్వ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఆమె భర్త సిపాయి. పాకిస్తాన్‌తో డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. శవమూ రాలేదు కాబట్టి, శత్రువుల చెరలో బతికే ఉన్నాడని అవ్వ మెట్టెలు తీయలేదు. చనిపోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రమాస నాడు, పంతులు చదవడానికి వాళ్ల పేర్లు ఏటా నాచేత చీటీ మీద రాయించుకునేది. అందులో భర్త పేరు ఉండేది కాదు.

ఒక ఆదివారం అరుగు మీద నా విద్యార్థులకు పాఠం చెబుతున్నాను. ఆ యుద్ధం నాటి అమెరికా అధ్యక్షుడి రహస్య పత్రాలు బయటపెట్టారని ప్రింట్లు తీసి చూపిస్తుంటే, అవ్వ భర్త ఫొటో పట్టుకుని వచ్చింది.

"సారూ, దాచిపెట్టిన కాగితాలనే ఇడిసిపెట్టిన్రంటే, దాచిపెట్టిన మనుషులను గూడ ఇడిసిపెడ్తరు గద? జర మా ఆయిన పేరుందేమో సూడు."

పిల్లల ముందు తెలివి చూపించుకోవాలనిపించింది నాకు.

"అవ్వా, వాళ్లకు మన దేశమే చదరంగంల పావు. నీ మొగుని పేరెవరు రాస్తరు?"

అందరూ పగలబడి నవ్వారు. అవ్వ కూడా నవ్వబోయి, ఫొటోను కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు పెత్రమాసకు పేర్లన్నీ రాశాక, "ఇంకొకటి రాయి సారూ" అని భర్త పేరు చెప్పింది. కాళ్లకు మెట్టెలు లేవు. నా చేతితోనే రాశాను.

ఆ పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. ఆ పత్రాల్లో అమెరికా నాయకులు మన గురించి ఎంత నిర్దయగా మాట్లాడుకున్నారో చెప్పే చోట మాత్రం, ప్రింటు పిల్లల చేతికిచ్చి వాళ్లనే చదువుకోమంటాను.