తీగ వైపు వాలిన అశోక చెట్టు

జలాల్‌ది ధర్మసాగర్. ఎనభైల మొదట్లో సుబేదారి వాడలోని ఇళ్ల తోటల్లో మాలీ పని చేసేవాడు. భార్య జైనాబీ కూడా వెంట వచ్చేది. ఒకసారి జామచెట్టు మీద నుంచి పడి అతని చెయ్యి విరిగింది. అప్పటి నుంచి అతను ఎక్కిన నిచ్చెనను పట్టుకునే పని ఇంకొకరికి ఇవ్వలేదామె.

ఒక ఏడాది వానాకాలానికి ముందు సారంగపాణి సారు కబురు పెట్టారు. ఆయన ప్రహరీ వెంట వేసిన అశోక చెట్లు సన్నగా, నిటారుగా మేడను మించి పెరిగాయి. చివరి చెట్టు కొస గాలికి ఊగి కరెంటు తీగకు తగులుతోంది. తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు రాలుతున్నాయి.

"పొద్దుగాల ఈడ కరెంటుండదు. పదకొండు దాక ఫికర్ లేదు," అన్నారు సారు.

జైనాబీకి మనసొప్పలేదు. "జర ఆగయ్యా. కరెంటు ముందుగాల్నే వస్తే?"

"రోజూ పోయేదే గదా," అంటూ జలాల్ వెదురు నిచ్చెనను చెట్టుకు ఆనించి ఎక్కాడు. చెట్టు కొసకు తాడు బిగించి, దాని రెండో చివరను కిందికి వదిలాడు. రంపం సగం దాకా దిగింది. అప్పుడు కిటికీలోంచి లోపలి ఫ్యాను తిరగడం జైనాబీ కంటపడింది.

ఆమె నిచ్చెనను బిగించి పట్టుకుని అరిచింది.

"కరెంటొచ్చింది! కదలకు!"

జలాల్ చేతిలోంచి రంపం జారిపోయింది. సగం తెగిన కొస తీగ వైపే వాలుతోంది. దిగుదామంటే చెట్టు కదులుతుంది. అతను రెండు చేతులా చెట్టును వాటేసుకున్నాడు.

సారు లైన్‌మన్ కోసం కేకలు వేస్తూ వీధిలోకి పరుగెత్తారు. జైనాబీ తాడు వైపు చూసింది. నిచ్చెన వదిలితే మనిషి పడతాడేమో. వదలకపోతే కొస తీగ మీద పడుతుంది.

"చెట్టును ఇడిచి నిచ్చెన గట్టిగ పట్టుకో! నేను తాడు గుంజుతాన!"

తాడును చేతికి చుట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వేసి వాకిలి వైపు లాగింది. ఫెళ్లుమని విరిగి, కొస ప్రహరీ లోపలి మొక్కల మీద పడింది. నిచ్చెన ఊగింది, నిలిచింది.

జలాల్ దిగి వచ్చాడు. తాడు ఒరిపిడికి జైనాబీ అరచేతుల తోలు లేచిపోయింది. తిరిగొచ్చిన సారు ఆ చేతులు చూసి, "నాదే తప్పు బిడ్డా," అని గోడకు ఆనుకున్నారు.

మిగతా చెట్ల కొసలను వారం తర్వాత, లైన్‌మన్ తీగకు కరెంటు ఆపి స్తంభం దగ్గరే నిలబడ్డాక కొట్టాడు జలాల్. అంతసేపూ జైనాబీ కింద నిచ్చెన పట్టుకుని అతన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, గొంతు పెంచేది.