మోకాలి పలకకు మడతబందులు

ఉలి మొన సందులోకి దిగింది. తాను బిగించిన పలకను మేస్త్రీ తానే ఊడదీస్తున్నాడు. అది గట్టిగా కూర్చుంది. పని అంత బాగా చేసినందుకు తన్ను తానే తిట్టుకుంటూ సుత్తితో మెల్లగా తడుతున్నాడు.

అందరూ ఆయన్ని మోకాళ్ళ మేస్త్రీ అంటారు. జీవితమంతా చర్చి బల్లలే చేశాడు. ప్రతి బల్లకూ ముందు మోకరించడానికి ఒక పలక ఉండాల్సిందే. ఇంట్లో భోజనాల బల్లకు కూడా పలక కొట్టబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపిందని బావమరిది ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు.

ఆసుపత్రివాళ్ళు ఒక ఇరుకు గది ఖాళీ చేసి, ఏ మతంవాళ్ళైనా కూర్చుని ప్రార్థించుకునేందుకు ఒక బల్ల చేయమన్నారు. మేస్త్రీ చెయ్యి అలవాటు కొద్దీ పలకతో సహా చేసేసింది. నిన్న దాన్ని గదిలో పెట్టి చూస్తే ముందున్న నేలంతా పలకే ఆక్రమించింది. వార్డు ఆయా చుట్టిన చాపతో గుమ్మం దాకా వచ్చి, చూసి, "బాగుందన్నా" అని వెనక్కి తిరిగింది. మెట్ల కింద, తుడుపు కర్రల పక్కన, ఇన్నేళ్ళూ ప్రార్థించుకున్న చోటికే వెళ్ళిపోయింది.

ఆమెది వేరే మతం. మేస్త్రీ భార్య ఆ వార్డులో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నప్పుడు మంచానికి ఒక పక్క మేస్త్రీ, మరో పక్క ఆమె, ఎవరి మాటల్లో వాళ్ళు దేవుణ్ణి వేడుకున్నారు. మేస్త్రీ ఏడుస్తుంటే తడిగుడ్డ మార్చింది ఆమే. ఆ బల్ల అలాగే ఉంటే ఆమెకు మెట్ల కిందే గతి. అందుకే దాన్ని మళ్ళీ తన పని కొట్టానికి మోసుకొచ్చాడు.

బావమరిది సంఘపెద్ద. కొట్టం గుమ్మంలో నిలబడి, పలక పైకి మడిచేలా బిగించడానికి తెచ్చిన మడతబందుల పొట్లం చూశాడు.

"ఏంటి బావా, మోకరింపునే మడిచేస్తున్నావా?"

"పలకని మడుస్తున్నాను. మోకాళ్ళు నావి నా దగ్గరే ఉన్నాయి."

"అంటే అన్ని దారులూ ఒకటేనంటావు?"

మేస్త్రీ ఉలి పక్కన పెట్టాడు. "అనను. నాకు ప్రభువే దారి. అడిగితే ఆమెకీ అదే చెప్తాను, ఆమె తన మాట చెప్తుంది. కానీ నా మాట నిజమైనంత మాత్రాన ఆమె చాప పరుచుకునే చోటు నాదైపోతుందా?"

"అబ్బో, ప్రసంగం!"

"ప్రసంగం నీ పని. ఆ ప్రభువూ వడ్రంగమే చేశాడుగా. తలుపు చేయించుకోడానికి వచ్చినవాణ్ణి ముందు నీ నమ్మకమేంటో చెప్పమని అడిగుంటాడంటావా?"

బావమరిది గొణిగాడు. తల గోక్కున్నాడు. ఒప్పుకున్నట్టు మాత్రం అనలేదు.

"అక్కకి తెలుసా ఇదంతా?"

"పలక అంచుకి మెత్తగా అంటించమని పాత దుప్పటి చించి ఇచ్చింది మీ అక్కే. పలక పైకి లేపినప్పుడు చప్పుడైతే రోగులు ఉలిక్కిపడతారంట."

"అయితే ఇక చెప్పేదేముంది!" చొక్కా చేతులు మడిచి పలక అంచు పట్టుకున్నాడు. "బిగించు. వంకరగా పట్టానని తర్వాత నన్ననకు."

"వంకరగానే పట్టావు. కొంచెం పైకెత్తు."

తెల్లవారాక ఇద్దరూ బల్ల మోసుకెళ్ళారు. అప్పటికే గదిలో ఒక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. కొడుక్కి లోపల ఆపరేషన్. పలక దించగానే దానిమీద మోకరించాడు. బావమరిదీ పక్కనే మోకరించాడు. వాళ్ళిద్దరూ లేచి వెళ్ళేదాకా ఆయా చాపతో బయటే ఆగింది.

"వదిన ఎలా ఉందన్నా?"

"నన్ను కేకలేసేంత బాగుందమ్మా. ఇలా రా."

మేస్త్రీ గడియ చూపించాడు. ఆమె ఒంటిచేత్తో పలక లేపింది. చప్పుడు లేకుండా అది బల్ల కాళ్ళకు ఆనుకుంది. ఆమె గడియ వేసి, నేలకేసి చూసి, చాప విప్పింది.

"ఇక ఈ చోటు నీదేనమ్మా," అని మేస్త్రీ మిగిలిన స్క్రూలు జేబులో వేసుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచాడు.